కోఠీ రెసిడెన్సీ: అప్పులు చూచిన మేడ, చదువుల యిల్లయిన కథ

మన రామగుండము, గోదావరిఖని చుట్టుపట్ల పల్లెలలో గడి యను మాట యెరుగని వారుండరు. దొరలు నివసించిన ఆ పెద్ద యిండ్లలో కొన్ని గోడలు కూలి, తుమ్మలు మొలచి పాడుపడి యున్నవి. కొన్ని బడులుగను కచ్చేరులుగను మారినవి. ఇల్లు పాతబడుట సహజము. దాని వినియోగము మారుటయు సహజమే. అయినను ఒక భవనము ఎవరి సొమ్ముతో లేచినది, అందు కూర్చున్నవారు ఎవరి మేలు చూచిరి, తుదకది ఎవరి చేతికి వచ్చినది అని మూడు ప్రశ్నలు వేసికొన్నచో, ఆ యింటి చరిత్ర రైతునకు గూడ పనికివచ్చును. ఈ ప్రశ్నలకు తగిన జవాబు చెప్పు భవన మొకటి హైదరాబాదు కోఠీలో నున్నది. పనిమీద నగరమునకు పోయి వచ్చు మన సభ్యులు పలువురు దాని ప్రహరీ ప్రక్కనుండియే నడచి యుందురు. అదియే పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ.

1798లో నిజాము ఆలీఖాను ఈస్టిండియా కంపెనీతో సైన్యసహాయపు ఒడంబడిక చేసికొనెను. కంపెనీ పక్షమున దానిని నడిపినవాడు జేమ్సు అకిలిసు కిర్కుపాట్రికు అను రెసిడెంటు. మూసీనదికి ఉత్తరపు టొడ్డున నున్న తోటలో, 19వ శతాబ్దపు తొలి సంవత్సరములలో, అతడీ మేడను కట్టించెను. నమూనా గీసినవాడు శామ్యూలు రస్సెలు అను సైనికోద్యోగి. ఎత్తయిన స్తంభములు, వెడల్పయిన మెట్లు, మెట్ల కిరువైపుల సింహములు, లోపల దర్బారు హాలు గల యీ భవనమునకు వ్యయము నిజాము ఖజానా నుండియే వచ్చెను. ఖజానాలోని ధనము ఎక్కడిదో రైతుసోదరులకు వేరుగ చెప్ప నక్కరలేదు. కిర్కుపాట్రికు ఖైరున్నీసా యను నగరపు కులీనస్త్రీని పెండ్లాడి, ఆమె కొరకు ఆవరణలో రంగమహలు కట్టించెను. అది తరువాతి కాలమున పడగొట్టబడినది.

మేడ చూడ ముచ్చటయైనను, అందు జరిగిన వ్యవహారములు ముఖ్యముగా లెక్కలకు సంబంధించినవి. కంపెనీ సైన్యమును పోషించు నిమిత్తము 1800లో నిజాము కడప, అనంతపురము, బళ్ళారి మొదలగు ప్రాంతములను కంపెనీకి వదలుకొనెను. దత్తమండలములను పేరు వాటి కట్లు వచ్చినదే.

తరువాత వచ్చినది వడ్డీ కథ. 1814లో విలియం పామరు కంపెనీ యను వ్యాపారసంస్థ హైదరాబాదున వెలసి, దివాను చందూలాలు మూలమున సర్కారునకు అప్పులిచ్చెను. వడ్డీ ఏటికి నూటికి 20 రూపాయలకు పైబడి యుండెను. అసలు తీరక, వడ్డీ అసలులో కలసి, అప్పు పెరిగెను. 1820లో రెసిడెంటుగ వచ్చిన చార్లెసు మెట్కాఫు దీనిని గట్టిగ ఎదిరించెను. ఈ అప్పు తీర్చుటకై 1823లో నిజాము కోస్తా సర్కారు జిల్లాలపై కంపెనీ నుండి తనకు ఏటేటా రావలసిన 7 లక్షల రూపాయల పేష్కషును శాశ్వతముగ వదలుకొని, దానికి బదులు ఒకేసారి పెద్దమొత్తము పుచ్చుకొనవలసి వచ్చెను. ఏటి రాబడినిచ్చు చేనును అమ్మి సాహుకారు పత్రము చింపించుకొన్న రైతునకును ఈ ప్రభువునకును భేద మేమి?

అంతటితో ఆగలేదు. కంటింజెంటు అను సైన్యపు జీతముల బాకీ పేరుకొనగా, 1853లో నల్లరేగడి ప్రత్తిభూములు గల బేరారు కంపెనీ పాలనకు అప్పగింపబడెను. 1902లో అది ఏటికి 25 లక్షల రూపాయలకు శాశ్వతపు కౌలయ్యెను. కౌలన్న మాటయే గాని, భూమి మరల నిజాము చేతికి రాలేదు.

ప్రజల కోపము గూడ ఈ మేడ చూచినది. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున జనులు రెసిడెన్సీపై తిరుగబడిరి. ఫిరంగుల ముందు వారు నిలువలేకపోయిరి. తుర్రేబాజుఖాను తరువాత కాల్చి చంపబడెను. మౌల్వీ అండమానునకు పంపబడి అక్కడనే మరణించెను. పిమ్మట తోటను ఎత్తయిన గోడలతో కోటవలె కట్టుదిట్టము చేసిరి. అతిథులకై కట్టిన యిల్లు భయమునకై గోడ కట్టుకొన్నది.

1947లో ఆంగ్లప్రభుత్వము వైదొలగగా రెసిడెంటునకు పనిలేకపోయెను. 1924లో ఆరంభమైన స్త్రీల కళాశాల 1949లో ఈ భవనములోనికి మారెను. దర్బారు జరిగిన చోట ఆడపిల్లలు పుస్తకములు చేతబట్టి కూర్చుండిరి. ఈ మేడ చూచిన మార్పులలో మేలైనది ఇదియే యని మా తలంపు. అయితే వినియోగము మారినంత మాత్రమున మరమ్మతు దానంతట అది జరుగదు. వాననీరు దిగి, పైకప్పు బలహీనపడి, ప్రధాన భవనమున తరగతులు మానుకొనవలసిన స్థితి వచ్చెను. ఇటీవలి సంవత్సరములలో ప్రపంచ స్మారక నిధి మొదలగు సంస్థల సాయముతో దానిని బాగుచేసిరి. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయ మయ్యెను.

2024లో ఆ విశ్వవిద్యాలయమునకు చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఆమె పాలకుర్తి రైతుస్త్రీ. కౌలుకు తీసికొని పండించిన పంటను విస్నూరు దేశముఖు మనుష్యులు కాజేయబోగా, ఆంధ్రమహాసభ సంఘపు కార్యకర్తల తోడ్పాటుతో పంట కోయించి, ధాన్యము తన యింటికి చేర్చుకొనెను. 1985లో ఆమె స్వర్గస్థురాలయ్యెను. రాజ్యపు భూములను లెక్కలలో జారవిడిచిన ఆవరణ, తన గింజలను విడువని యొక స్త్రీ పేరు మోయుచున్నది.

సహకార సంఘ సభ్యులు ఇందుండి గ్రహింపదగిన విషయములు రెండు. ఒకటి: నిజామంతటివాని ఏలుబడియు వడ్డీ లెక్క సరిగ చూడక చిక్కుపడెను. కావున ఎవరివద్ద అప్పు తీసికొన్నను పత్రము చదివించుకొని, వడ్డీ అసలులో కలియు షరతు ఉన్నదా యని అడిగి, వాయిదా తప్పక కట్టుట మేలు. రెండు: మన గ్రామములలోని పాత కట్టడములను పనికిరానివని తొందరపడి పడగొట్టవద్దు. గింజల గోదాముగనో, గ్రంథాలయముగనో, బాలికల వసతిగృహముగనో అవి పనికిరావచ్చును. ముందుగ హక్కు పత్రములు ఎవరి పేర నున్నవో చూడవలెను. పిదప ఇంజినీరుచేత గోడల బలము పరీక్ష చేయించవలెను. ఏటేటా వానలకు ముందు పైకప్పు మరమ్మతునకు కొంత సొమ్ము వేరుగ ఉంచవలెను. ఈ మూడును లేనిచోట ఎంత మంచి సంకల్పమైనను ఒక వానకాలముతో నీరుగారును.

గడి ఎవరు కట్టించిరను మాట గతించినది. ఇక మీద అది ఎవరికి నీడనిచ్చునో నిర్ణయింపవలసినవారము మనమే.