పుట్టుమచ్చ ఏ చెంపమీద ఉన్నది?



ఒక రింగిట్ నోటును చేతిలోకి తీసుకుని చూడండి. దానిమీద ఉన్న ముఖం మన దేశపు మొదటి అగోంగ్ తువాంకు అబ్దుల్ రహ్మాన్ గారిది. బడి క్యాంటీనులో రోజూ ఆ నోటు ఇస్తూనే ఉంటారు. కాని ఆ ముఖాన్ని ఎన్నిసార్లు పరిశీలనగా చూశారు? అమెరికా పిల్లల సంగతీ అంతే. వారి అయిదు డాలర్ల నోటుమీద అబ్రహాం లింకన్ అనే అధ్యక్షుని ముఖం ఉంటుంది. 1864 ఫిబ్రవరి 9న వాషింగ్టన్ నగరంలో, మాథ్యూ బ్రాడీ చిత్రశాలలో, ఆంథనీ బెర్గర్ తీసిన ఛాయాచిత్రాలే ఆ బొమ్మకు మూలం.

లింకన్ 1809లో కెంటకీ రాష్ట్రంలో ఒక పేద రైతు ఇంట జన్మించారు. 1861లో అధ్యక్షుడయ్యారు. బానిసల విముక్తి ప్రకటనపై 1863 జనవరి 1న సంతకం చేసినది ఆయనే. ఆయన ఛాయాచిత్రాలు నేడు దాదాపు 130 లభిస్తున్నాయి. ఈనాడు ఒక పుట్టినరోజు వేడుకలోనే అన్ని ఫొటోలు తీస్తారు కదా అని నవ్వకండి. ఆ కాలంలో ఒక్క ఫొటో తీయడం ఎంత శ్రమయో వినండి.

గాజుపలకమీద కొల్లోడియన్ అనే జిగురు ద్రవాన్ని పూసేవారు. దానిని వెండి లవణం కరిగించిన నీటిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టేవారు. ఫొటో దిగే మనిషి కొన్ని క్షణాలపాటు కదలక మెదలక ఉండాలి. తల కదలకుండా వెనుకనుండి ఒక ఇనుప కొక్కెం ఆనించేవారు. అంతసేపు చిరునవ్వును నిలుపుకోవడం ఎవరి తరం? అందుకే లింకన్ దాదాపు ప్రతి చిత్రంలోనూ గంభీరంగా కనిపిస్తారు. నిజానికి ఆయన హాస్యకథలు చెప్పి సభను కడుపుబ్బ నవ్వించే మనిషి. ఆ నవ్వు ఏ గాజుపలకకూ చిక్కలేదు.

1860 ఫిబ్రవరి 27న లింకన్ న్యూయార్కులోని కూపర్ యూనియన్‌లో ప్రసంగించడానికి వెళ్ళి, అదేరోజు బ్రాడీ వద్ద ఫొటో దిగారు. ఆయన మెడ చాలా పొడవు. బ్రాడీ కాలరును పైకి లాగి ఆ పొడవును కప్పివేశాడు. పత్రికలలో ఛాయాచిత్రాలను నేరుగా అచ్చువేయడం అప్పటికి తెలియదు. చెక్కపై చెక్కి, ఆ చెక్కడాన్ని అచ్చువేసేవారు. ఆ చెక్కడాల ద్వారా ఈ చిత్రం దేశమంతా తిరిగింది. కాలరు లాగడం అబద్ధమా? మీ తరగతి ఫొటో తీసే ముందు నేను మీ జుట్టు దువ్వించలేదా? అది అబద్ధం కాదనే నా అభిప్రాయం. కాని అటువంటిది జరిగిందని చూసేవారికి తెలిసి ఉండాలి.

అప్పటివరకు ఆయనకు గడ్డం లేదు. 1860 అక్టోబరు 15న వెస్ట్‌ఫీల్డ్ అనే ఊరినుండి గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ల బాలిక ఆయనకు ఒక ఉత్తరం వ్రాసింది. మీ ముఖం మరీ సన్నగా ఉన్నది, గడ్డం పెంచితే బాగుంటారు, ఆడవారికి గడ్డం ఇష్టం కనుక తమ భర్తలను మీకే ఓటు వేయమని వేధిస్తారు అని దాని సారాంశం. (అప్పుడు అక్కడ స్త్రీలకు ఓటు లేదు. పాపం, ఆ చిన్నపిల్లకు తెలిసిన మార్గం అదే!) నాలుగు రోజులకే లింకన్ జవాబు వ్రాశారు. ఇప్పుడు కొత్తగా గడ్డం పెంచితే జనం వింతగా చూడరా అని సందేహించారే తప్ప, మాట ఇవ్వలేదు. అయినా నవంబరు 25న షికాగోలో తీసిన చిత్రంలో గడ్డం మొలకెత్తి ఉన్నది! మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్ష పదవి చేపట్టడానికి రైలులో వెళుతూ, వెస్ట్‌ఫీల్డ్‌లో ఆగి ఆ బాలికను పలకరించారు.

1860 నాటి చిత్రాన్ని, 1865 ఫిబ్రవరి 5న అలెగ్జాండర్ గార్డ్‌నర్ తీసిన చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. నడుమ గడిచినవి అయిదేళ్లే. కాని బుగ్గలు లోతుకు పోయాయి, కళ్ళ కింద ముడతలు పడ్డాయి. ఆ అయిదేళ్లలో దేశం రెండుగా చీలి యుద్ధం జరిగింది. 11 ఏళ్ల కొడుకు విల్లీ జ్వరంతో చనిపోయాడు. గార్డ్‌నర్ గాజుపలకలలో ఒకటి తలకు పైభాగాన పగిలింది. ఒక్క ప్రతి అచ్చుతీసి దానిని పారవేశారు. ఆ ఒక్క ప్రతి నేటికీ వాషింగ్టన్‌లో భద్రంగా ఉన్నది.

1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో ఒక దుండగుడు లింకన్‌ను కాల్చాడు. మరునాటి ఉదయం ఆయన మరణించారు. ఇక ప్రతి ఇంటికీ ఆయన పటం కావలసి వచ్చింది. రాజసంగా నిలుచుని ఉన్న పటం అయితే మరీ మంచిదనుకున్నారు. దొరకనప్పుడు చిత్రకారులు ఏమి చేశారు? అంతకుముందే చనిపోయిన జాన్ కాల్‌హూన్ అనే నాయకుని నిలువెత్తు చెక్కడంలో తల తీసివేసి, లింకన్ తల అతికించారు. ఆ తల అయిదు డాలర్ల నోటు చిత్రాలు తీసిన రోజునాటిదే! బల్లమీది కాగితాలపై కాల్‌హూన్ సిద్ధాంతాల పేర్లు ఉండేవి. వాటిని చెరిపి, స్వేచ్ఛా ప్రకటన వంటి మాటలు చెక్కారు. ఇందులోని విడ్డూరం ఏమిటంటే, కాల్‌హూన్ బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన వ్యక్తి. బానిసలను విడిపించినవాని తల, బానిసత్వాన్ని మెచ్చినవాని మొండెంమీద నిలిచింది.

ఈ గుట్టు చెప్పినది పుట్టుమచ్చ. లింకన్ కుడి చెంపమీద, పెదవి కొసకు దగ్గరగా ఒక ఉబ్బెత్తు మచ్చ ఉండేది. తలను అటునుండి ఇటు తిప్పి అతికించడం వల్ల మచ్చ ఎడమ చెంపకు మారిపోయింది. అయితే మచ్చను మాత్రమే చూసి తీర్పు చెప్పకండి. అంతకు ముందు కాలంలో, వెండిపూత వేసిన రాగిరేకుమీద ఫొటో తీసేవారు. ఆ పద్ధతిలో బొమ్మ అద్దంలో వలె కుడియెడమలు మారి వస్తుంది. అది మోసం కాదు, పద్ధతి. ఫొటో ఎలా తీశారో తెలిస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

మా ఇంటి గోడమీద మా తాతగారి పటం ఉన్నది. నల్లకోటు, టై, పక్కకు దువ్విన జుట్టు. తాతగారు తోటలో రబ్బరు పాలు తీసిన కూలీ. ఆయన జన్మలో కోటు తొడగలేదు. 1948లో గుర్తింపు కార్డులు వచ్చినప్పుడు తీసిన బొటనవేలంత ఫొటో ఒక్కటే ఆయనకు ఉండేది. ఆయన పోయిన తరువాత మా నాన్నగారు దానిని స్టూడియోలో పెద్దది చేయించారు. స్టూడియోవారు కోటు, టై గీసి ఇచ్చారు. చిన్నప్పుడు నేను, మా తాత ఆఫీసులో కిరాణీ అని తోటి పిల్లలకు గొప్పగా చెప్పుకున్నాను. లింకన్ మొండెం సంగతి చదివిన రోజున ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డాను. నాన్నగారి మీద కోపం రాలేదు. తండ్రికి ఒక కోటు తొడిగించాలని ఆయనకు ఉండి ఉంటుంది. కాని ఆ పటం వెనుక అసలు సంగతి ఇప్పుడు వ్రాసి పెట్టాను.

మరొక ఫొటో సంగతి కూడా చెప్పాలి. 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో లింకన్ తన ప్రసిద్ధ ప్రసంగం చేశారు. ఆనాటి జనసమూహాన్ని తీసిన గాజుపలక ఒకటి ఎంతో కాలం పట్టించుకునేవారు లేక పడి ఉన్నది. 1952లో జోసఫీన్ కాబ్ అనే ఉద్యోగిని వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో దానిని పెద్దది చేసి పరిశీలించి, గుంపు నడుమ టోపీ లేకుండా ఉన్న లింకన్‌ను గుర్తుపట్టారు. అప్పటికి 89 ఏళ్లు గడిచాయి. ఆయన ముఖం అందరికీ తెలిసినది కనుక అది సాధ్యమైంది. మా తోట కూలీల గుంపు ఫొటో ఒకటి నా వద్ద ఉన్నది. నాన్నగారు ఉండగా ఏడుగురి పేర్లు మాత్రమే అడిగి వ్రాసుకున్నాను. మూడవ వరుస చివర తలపాగాతో నిలిచిన మనిషి ఎవరో చెప్పేవారు ఇప్పుడు లేరు.

ఈ సెలవులలో మీ ఇంటిలోని పాత ఫొటో ఒకటి తీసి, వెనుకకు తిప్పి చూడండి. ఏమీ వ్రాసి లేకపోతే తాతగారినో అవ్వగారినో అడిగి, ఎవరు, ఏ తోట, ఏ సంవత్సరం అన్నది వ్రాయండి. పెన్సిలుతో మెల్లగా వ్రాయండి. పెన్ను ఒత్తి వ్రాస్తే ముందువైపు ముఖంమీద గీత పడుతుంది.