సైకిలుకో ఇంజిను... మధ్యలో ఓ బెల్టు!

తొక్కే సైకిలుకి చిన్న ఇంజిను తగిలించుకుని ఝామ్మని పోవాలన్న సరదా ఈనాటిది కాదు. నూట పాతికేళ్ల నాటిది. ఇంజిను బిగించడం అంత కష్టమేమీ కాదు కూడా. అసలు కష్టం మరో రెండు చోట్ల ఉంది!

జుక్కల్... కామారెడ్డి జిల్లాలో ఓ మూలకున్న మండల కేంద్రం. అటు చూస్తే మహారాష్ట్ర, ఇటు చూస్తే కర్ణాటక. తెలుగు, మరాఠీ, కన్నడం కలగలిసిన మాట. సోయా, కంది, పెసర, మినుము పండే చేలు. ఇలాంటి చోట బెల్టూ పుల్లీ అంటే ఏమిటో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. పిండి గిర్నీలో మోటారుకీ రాయికీ మధ్య పరుగులు తీసేది అదే. నూర్పిడి మిషను పక్కన గిర్రున తిరిగేదీ అదే. ఇక మందు కొట్టే తైవాన్ స్ప్రేయరు సంగతి సరేసరి. వీపున మోసే ఆ డబ్బా కింద బుల్లి పెట్రోలు ఇంజిను ఉంటుంది. ఏడాదిలో చాలా నెలలు అది కొట్టంలో ఖాళీగానే పడి ఉంటుంది.

ఖాళీ ఇంజిను, మూలనపడ్డ పాత సైకిలు, గిర్నీలో తీసి పారేసిన బెల్టు... ఈ మూడూ కనిపించే ఊళ్లో ఏ కుర్రాడికైనా ఏదో ఒకరోజు ఆ ఆలోచన వచ్చి తీరుతుంది. ‘బాపూ, దీన్ని సైకిలుకు బిగిస్తే?’

వద్దనడం తేలిక. సరే అనాలంటే మాత్రం బాపుకి కొన్ని సంగతులు తెలిసుండాలి.

తాతల నాటి బండి

నిజానికి మోటారు సైకిలు పుట్టిందే ఇలా. 1900 ప్రాంతంలో బెల్జియంలోని మినర్వా కంపెనీ సైకిలుకి బిగించుకునే చిన్న ఇంజిన్లు చేసి అమ్మింది. ఇంజిను నుంచి వెనక చక్రానికి తగిలించిన పెద్ద పుల్లీకి ఓ బెల్టు. అంతే! 1903లో హార్లే డేవిడ్‌సన్ తొలి బండికీ తోలు బెల్టే. అప్పట్లో గేర్లూ క్లచ్చులూ ఖరీదు వ్యవహారం. బెల్టయితే చవక, చప్పుడు తక్కువ. కాకపోతే వానొస్తే జారేది, ఎండకి సాగేది. తోలు బదులు రబ్బరుతో చేసిన వీ-బెల్టుని 1917లో అమెరికాలో జాన్ గేట్స్ తెచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. మన గిర్నీల్లో తిరుగుతున్నది దాని సంతతే. 1939లో అమెరికాలోనే ‘విజర్’ అనే ఇంజిను కిట్టు వచ్చింది. మొదట రోలరుతో చక్రాన్ని తిప్పిన ఆ కంపెనీ కొద్ది కాలానికే బెల్టుకి మారిపోయింది.

మనకి బాగా తెలిసిన లూనా కూడా ఈ కుటుంబంలోదే. కైనెటిక్ ఇంజినీరింగ్ 1972లో దాన్ని తెచ్చింది, ఇటలీ పియాజియో కంపెనీ మోపెడ్ ‘చావ్’ నమూనాగా. (పేరు చూసి భయపడకండి, ఇటలీ వాళ్ల పలకరింపు అది!) ఆ చావ్‌లో వెనక చక్రానికి శక్తి చేరేది బెల్టు మీదుగానే. 1980లో టీవీఎస్-50 వచ్చి ఇద్దరిని ఎక్కించుకున్నాక పల్లెల్లో సైకిలుకి ఇంజిను బిగించుకునే అవసరం తగ్గింది. సరదా మాత్రం పోలేదు.

ముందు లెక్క తేలాలి

సైకిలుకి ఇంజిను పెట్టిన చాలామంది బోల్తా పడేది ఇక్కడే. చిన్న ఇంజిను నిమిషానికి అయిదారు వేల చుట్లు తిరిగితే గానీ శక్తినివ్వదు. మన 28 అంగుళాల సైకిలు చక్రం ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 2.2 మీటర్లు పోతుంది. గంటకి 25 కిలోమీటర్ల వేగానికి అది నిమిషానికి 190 చుట్లు తిరిగితే చాలు. ఎక్కడి 5,500... ఎక్కడి 190! అంటే ఇంజిను సుమారు 29 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరగాలి.

ఒక్క బెల్టుతో ఇది సాధ్యం కాదు. ఇంజినుకి 75 మిల్లీమీటర్ల పుల్లీ పెడితే చక్రానికి రెండు మీటర్లు దాటిన పుల్లీ కావాలి. సైకిలు కన్నా పుల్లీ పెద్దదవుతుంది! పోనీ ఇంజిను పుల్లీని ఇంకా చిన్నది చేద్దామా అంటే, గిర్నీల్లో వాడే ‘ఏ’ సైజు బెల్టు 75 మిల్లీమీటర్ల కన్నా చిన్న పుల్లీ చుట్టూ వంగలేదు. వంచితే వేడెక్కి, పగుళ్లిచ్చి తొందరగా తెగుతుంది.

అందుకే రెండంచెలు. ఇంజిను దగ్గర 75 మిల్లీమీటర్ల పుల్లీ. అక్కడి నుంచి మధ్యలో ఓ ఇరుసు మీద 300 మిల్లీమీటర్ల పుల్లీ... ఇక్కడ వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. అదే ఇరుసుకి రెండో పక్కన మరో 75 మిల్లీమీటర్ల పుల్లీ. అక్కడి నుంచి రెండో బెల్టు వెనక చక్రానికి. చక్రానికి పెట్టే పెద్ద పుల్లీని కొనక్కర్లేదు. 24 అంగుళాల పాత సైకిలు రిమ్ము చాలు. సుమారు 540 మిల్లీమీటర్లుంటుంది కాబట్టి వేగం మరో ఏడు రెట్లు తగ్గుతుంది. నాలుగేళ్లు ఇరవై ఎనిమిది, పైన చిల్లర. లెక్క సరిపోయింది.

రిమ్ములో బెల్టుకి సరిపడే గాడి ఉండదు కదా అని అడగొచ్చు. అక్కర్లేదు. రిమ్ము చుట్టూ బెల్టు సగానికి పైగా చుట్టుకుంటుంది కాబట్టి చదునుగా ఆనినా పట్టు దొరుకుతుంది. చిన్న పుల్లీకి మాత్రం గాడి తప్పదు. దాని చుట్టూ బెల్టు ఆనేది తక్కువ మేరే. గాడి గోడల మధ్య ఇరుక్కుంటేనే లాగగలదు.

రిమ్ముని చక్రానికి ఎడమ పక్కన (కుడివైపు చైను ఉంటుంది మరి) పుల్లలకి క్లాంపులతో బిగించాలి. చుట్టూ సమాన దూరాల్లో, ఎక్కువ చోట్ల. రెండు మూడు చోట్ల బిగించి ఊరుకుంటే ఆ పుల్లల మీదే భారమంతా పడి తెగుతాయి. మధ్య ఇరుసుకి ప్లమ్మర్ బ్లాకు బేరింగులు వాడితే మంచిది. పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం లాగి చూసుకోవాలి. వరస తప్పితే బెల్టు అంచు అరిగిపోతుంది, లేదంటే పక్కకి దూకేస్తుంది.

జారడమూ మంచిదే!

బెల్టు జారుతుందని చైనుకి ఓటేసేవాళ్లున్నారు. వానలో వాళ్ల మాటే నిజం. కానీ ఇంట్లో చేసుకునే బండికి ఆ జారుడే వరం. చైను అయితే కుదుపులన్నీ నేరుగా పుల్లల మీదా ఇంజిను మీదా పడతాయి. బెల్టు కాస్త జారి ఆ దెబ్బని మింగేస్తుంది. పైగా క్లచ్ ఖర్చు లేదు. బెల్టు వదులుగా ఉండే వైపు ఓ చిన్న చక్రం పెట్టి, దాన్ని లివరుతో బెల్టు మీదికి నొక్కితే బండి కదులుతుంది. వదిలేస్తే ఇంజిను తిరుగుతున్నా బండి నిలబడుతుంది. పెట్రోలు అయిపోయిందా? లివరు వదిలేసి మామూలు సైకిలులా తొక్కుకుంటూ వచ్చేయొచ్చు.

లివరు బిగించాక బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కండి. మీటరు నిడివికి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు దిగితే సరి. అంతకన్నా బిగిస్తే బేరింగులు పోతాయి.

ఆ ఒక్క సీసీ!

ఇప్పుడు కష్టాల సంగతి. మొదటిది చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు కన్నా తక్కువ చక్రాలుండి, ఇంజిను 25 సీసీ మించకపోతే అది మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అది దాటిందంటే నంబరు, బీమా, లైసెన్సు అన్నీ ఉండాల్సిందే. ఇంట్లో చేసిన బండికి నంబరు తెచ్చుకోవడం మాటలు కాదు.

మరి స్ప్రేయరు ఇంజినో? వాటిలో చాలా రకాలు 26 సీసీకి కాస్త అటూ ఇటూ ఉంటాయి! గడ్డి కోసే మిషన్ల ఇంజిన్లు 40, 50 సీసీల్లోనూ వస్తాయి. కాబట్టి బిగించే ముందు ఇంజిను మీది రేకు చదవండి. హోండా జీఎక్స్25 లాంటి నాలుగు స్ట్రోకుల ఇంజిను 25 దాటదు. శక్తి దాదాపు ఒక హార్స్‌పవరు. మామూలు మనిషి గంటసేపు ఆపకుండా తొక్కితే ఇచ్చేది అందులో ఏడో ఎనిమిదో వంతు మాత్రమే. సైకిలుకి ఒక హార్స్‌పవరు ధారాళంగా సరిపోతుంది.

బ్యాటరీ మోటారుకీ ఇలాంటి వెసులుబాటుంది. 250 వాట్ల లోపు శక్తి, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే నిబంధనల ప్రకారం ఆమోదం పొందిన సైకిళ్లకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రోజూ పని మీద తిరగడానికే అయితే మా ఓటు దానికే. పెట్రోలు ఇంజిను, బెల్టు చేసి చూడాలన్న కోరిక ఉన్నవాళ్ల కోసం.

పోవడం సరే, ఆగడం?

రెండో కష్టం ఇదే, మా దృష్టిలో పెద్దది కూడా. తొక్కే సైకిలు మామూలుగా గంటకి 12 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 25కి పెంచితే వేగం రెట్టింపే కానీ ఆపడానికి కావాల్సిన శ్రమ నాలుగింతలు. పైగా ఇంజిను, ఇరుసు, పుల్లీల బరువు అదనం. రాడ్డు బ్రేకుల రబ్బరు ముక్కలు తడి రిమ్ము మీద ఎలా జారతాయో వానాకాలంలో తొక్కినవాళ్లకి చెప్పాలా? కొత్తగా బిగించిన రిమ్ము వెనక బ్రేకుకి అడ్డం రాకూడదు. వస్తే అక్కడే ఆపి సరిచేయాలి తప్ప ‘ముందు బ్రేకు ఉందిగా’ అనుకోకూడదు. వేగం 25 దాటకుండా యాక్సిలరేటరు తీగకి అడ్డు పెట్టడం, బెల్టుకి రేకు తొడుగు వేయడం, లుంగీ చీర కొంగులని దూరంగా ఉంచడం, చట్టం అడగకపోయినా హెల్మెట్ పెట్టుకోవడం... ఇవి ఖర్చు లెక్కలోకి రావు. బండిలో భాగమే.

మొదటి పరుగు రోడ్డు మీద వద్దు. జుక్కల్‌కి దగ్గర్లోనే మద్నూరు మీదుగా దెగ్లూరు వైపు వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి ఉంది. లారీల తోవ అది. అటు అసలే వద్దు. కోత అయిపోయిన చేనులో ముందు వెనక చక్రం పైకి లేపి స్టాండు మీద పది నిమిషాలు తిప్పి, నట్లన్నీ మళ్లీ బిగించి, అప్పుడు ఎక్కాలి. జేబులో ఓ స్పానరు, క్యారేజీ మీద ఓ స్పేరు బెల్టు ఉండనివ్వండి.