పట్టుగూళ్ళ బండికి నేల ఎలా ఉండాలి?



సరిహద్దు గ్రామాల్లో కొందరు రైతులు కలిసి పాత సరుకు వ్యాను కొని, దాన్ని పట్టుగూళ్ళకూ చాకీ పురుగులకూ తగినట్టు మార్పించుకుంటున్నారు. ఇది మంచి పద్ధతే. శిడ్లఘట్ట, రామనగరం, హిందూపురం, మదనపల్లె మార్కెట్లకు గూళ్ళు పోయేది ఆ బండిలోనే. చాకీ కేంద్రం నుంచి పిల్ల పురుగులు వచ్చేదీ, అవసరమైతే ఆకు తెచ్చుకునేదీ అందులోనే. అయితే టాపు, తలుపులు, గాలి కిటికీల గురించి శ్రద్ధగా ఆలోచించేవారు కూడా నేల దగ్గరికి వచ్చేసరికి దొరికిన పలకో, రేకో పరచి సరిపెడుతున్నారు. మేపు గదిని పంట పంటకూ కడిగి బ్లీచింగ్ చల్లే రైతు బండి నేలను మరచిపోతే, ఇంటి నుంచి తరిమిన రోగం బండి ఎక్కి తిరిగి వస్తుంది.

నేల ఎందుకంత ముఖ్యం?

ఊజీ ఈగ సంగతి తీసుకోండి. 1980కి ముందు కర్ణాటక రైతులకు ఈ ఈగ బెడద లేదు. ఆ సంవత్సరం పశ్చిమ బెంగాల్ నుంచి తెచ్చిన విత్తనపు గూళ్ళతోపాటు అది ఇక్కడికి చేరింది. తరువాత పక్క రాష్ట్రాలకూ పాకింది. అంటే ఈ చీడ మన ప్రాంతానికి వచ్చిందే సరుకు రవాణా వెంట.

ఊజీ ఈగ పట్టు పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. దాని పిల్ల పురుగు లోపలికి దూరి తింటుంది. ముదురు పురుగుకు సోకితే ఆ పురుగు గూడు కట్టుకున్న తరువాత, ఊజీ పురుగు గూటికి కన్నం చేసుకుని బయటికి వస్తుంది. అలా వచ్చినది వెలుతురుకు దూరంగా, చీకటి సందును వెతుక్కుంటూ పాకి ఒక రోజులోగా ప్యూపాగా మారుతుంది. సుమారు 10, 12 రోజులకు ఈగ అవుతుంది. ఒక్కో ఆడ ఈగ వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. గూళ్ళు బండిలో ఉన్నప్పుడే ఈ పురుగులు బయటపడితే వాటికి మొదట దొరికే సందు బండి నేలలోని పలకల మధ్య సందే. మార్కెట్టులో గూళ్ళు దించి మీరు ఊరికి వస్తారు, బండి మీ మేపు ఇంటి పక్కన నిలుస్తుంది. పదిరోజుల తరువాత ఈగలు అక్కడే లేస్తాయి.

రోగాల విషయమూ ఇంతే. పెబ్రిన్ బీజాలు ఎండిన దుమ్ములో చాలాకాలం బ్రతికి ఉంటాయి. గ్రాసరీ సోకిన పురుగు నుంచి కారిన పాలవంటి ద్రవం, సున్నపుకట్టు రోగంతో చచ్చిన పురుగు మీది తెల్లని పొడి నేలకు అంటుకుంటే, తరువాతి వారం అదే బండిలో వచ్చే చాకీ పురుగులకు ముప్పే.

ఇంకొక ప్రమాదం పురుగు మందు. కోలారు ప్రాంతంలో ఒకే బండి ఒకరోజు టమోటాలకు, మరొకరోజు గూళ్ళకు పోతుంది. మందు డబ్బా కారితే చెక్క నేల దాన్ని పీల్చుకుని ఉంచుకుంటుంది. పట్టు పురుగు కూడా పురుగే. టమోటా చీడను చంపే మందు దాన్నీ చంపుతుంది.

అందువల్ల బండి నేలకు మూడు గుణాలు కావాలి. సందులు ఉండకూడదు. నీటిని పీల్చకూడదు. బ్లీచింగ్, సున్నం తగిలినా చెడకూడదు.

ఏ నేల మంచిది?

ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల చిన్న బండిని లెక్కకు తీసుకుందాం.

1. ఉట్టి చెక్క, మామూలు ప్లైవుడ్: చవకే గానీ తడికి ఉబ్బి, పొరలు విడిపోతాయి. సందులు ఎక్కువ. పైకి కనబడే నేలగా పనికిరాదు.

2. ఇనుప రేకు: గట్టిది. కానీ 3 మిల్లీమీటర్ల రేకు ఈ కొలతకు దాదాపు 76 కిలోలు తూగుతుంది. అంత మేరకు గూళ్ళ బరువు తగ్గించుకోవాలి. బ్లీచింగుకు త్వరగా తుప్పు పడుతుంది. గీతలున్న రేకైతే గీతల మధ్య మురికి నిలుస్తుంది.

3. అల్యూమినియం రేకు: అదే మందంలో సుమారు 26 కిలోలే. చూడటానికి బాగుంటుంది. కానీ సున్నపు నీరు అల్యూమినియాన్ని తినేస్తుంది. మనం వాడేదే సున్నం కలిపిన బ్లీచింగ్ కాబట్టి ఇది మన పనికి అనుకూలం కాదు.

4. స్టెయిన్‌లెస్ స్టీలు: కడగడానికి సులువు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఖర్చు ఎక్కువ. బ్లీచింగ్ చల్లిన ప్రతిసారీ మంచినీటితో కడగాలి, లేకపోతే చిన్న గుంటలు పడతాయి.

5. రబ్బరు చాప, కొబ్బరి పీచు చాప, గోనె: విడిగా పరచిన చాప కింద ఊజీ పురుగు సుఖంగా దాగుతుంది. పీచు, గోనె అసలే వద్దు.

6. జలనిరోధక ప్లైవుడ్ మీద వినైల్ షీటు: బస్సుల్లో నేలకు వేసే జారని రకం. అడుగున 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన 2 మిల్లీమీటర్ల షీటు వేస్తే రెండూ కలిపి 35 కిలోల పైచిలుకు మాత్రమే. ఎండకు రేకులా కాలదు. మధ్యతరగతి రైతుకు మా సలహా ఇదే.

వేయించేటప్పుడు గమనించవలసినవి

ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 గుర్తు చూసి కొనండి. అది మెరైన్ రకం. ఐ.ఎస్. 303 మామూలు రకం. బెంగళూరు జె.సి. రోడ్డులాంటి చోట వాహన సామగ్రి అంగళ్ళలో వినైల్ షీటును అడిగి చూడవచ్చు. నేల మొత్తానికి అతుకు లేని ఒకే షీటు తీసుకోండి.

ముందు బండి అడుగు రేకు తుప్పు గీకించి రెడ్ ఆక్సైడ్ పూయించాలి. ప్లైవుడ్ అంచులకు కూడా రంగు వేయించాలి. షీటును గోడల దగ్గర కోసేయకుండా బెత్తెడు ఎత్తు పైకి మడిపించి, అంచును సిలికాన్ సీలెంటుతో మూయించండి. అప్పుడు మూల ఉండదు, బ్లీచింగ్ నీరు బండి రేకులోకి దిగదు. నేల వెనక తలుపు వైపు కొంచెం వాలు ఉండాలి. పని ముగిశాక ఒక బక్కెట నీళ్ళు పోసి, ఎక్కడా నిలవకుండా పోతున్నదో లేదో చూడండి. పోస్టుకార్డు అంచు దూరే సందు ఎక్కడున్నా మళ్ళీ మూయించండి.

జిగురు, రంగు వాసన పూర్తిగా పోయేదాకా బండిలో పురుగులను ఎక్కించవద్దు. నేల మాత్రమే మారిస్తే చిక్కు లేదు గానీ, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా బాడీని మార్చాలంటే రవాణా కార్యాలయం అనుమతి తీసుకోవాలి.

శుభ్రం చేసే పద్ధతి

గూళ్ళు దించగానే, మార్కెట్టు వదలకముందే నేల ఊడ్వండి. కనబడిన ఊజీ పురుగులను బయట పారేయకుండా సబ్బు నీళ్ళలో వేసి చంపండి. ఇంటికి వచ్చాక సబ్బు నీటితో రుద్ది కడగండి. ఆ తరువాత 10 లీటర్ల నీటికి 200 గ్రాముల బ్లీచింగ్ పొడి, 30 గ్రాముల పొడి సున్నం కలిపి, నేల, గోడల కింది భాగం బాగా తడిసేలా చల్లండి. నీడలో గానీ, సాయంకాలం గానీ చల్లితే మంచిది, ఎండకు బ్లీచింగ్ శక్తి తగ్గుతుంది. అరగంట తడిగా ఉంచి మంచినీటితో కడిగి, తలుపులు తెరిచి ఆరబెట్టండి. పాత, గాలి తగిలిన బ్లీచింగ్ పొడి పనిచేయదు. దాన్ని ఆసిడ్‌తో గానీ ఫార్మలిన్‌తో గానీ ఎన్నడూ కలపవద్దు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి.

నేల పూర్తిగా ఆరకుండా గూళ్ళు వేస్తే మరకలు పడి ధర తగ్గుతుంది. గూటిలోని ప్యూపా నుంచి కూడా చెమ్మ వస్తుంది కనుక గూళ్ళను, చాకీ తట్టలను నేలకు ఆనించక క్రేట్ల మీద ఉంచండి. గూళ్ళు దించిన బండిలో, కడగకుండా, తిరుగు ప్రయాణంలోనే చాకీ పురుగులను తెచ్చుకోవద్దు.

ప్రతి పంటకు ముందు షీటు అంచులు లేచాయేమో చూసుకోండి. మల్బరీ కొమ్మలు గీచిన చోట్ల వెంటనే అతుకు వేయించండి. సందేహాలుంటే మీ సమీప పట్టు పరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రంలో అడగండి.