ట్రాఫిక్ డిపార్ట్‌మెంట్ అంటే రోడ్డు మీదది కాదు

తిరుమలగిరిలో ఉండేవాళ్ళకి ట్రాఫిక్ అనగానే ఒకటే గుర్తొస్తుంది. సాయంత్రం ఆరు దాటాక చౌరస్తా దగ్గర ఆగిపోయిన బస్సులు, హారన్లు, కాస్త సందు దొరికితే దూరిపోయే ఆటోలు. అందుకే టీవీ చానల్ ఆఫీసులో "ట్రాఫిక్ డిపార్ట్‌మెంట్" అని ఒకటి ఉంటుందని మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఆ మాట చెప్పింది మా గల్లీ కేబుల్ అంకుల్. సెలవుల్లో సెట్ టాప్ బాక్స్ పాడైతే చూడ్డానికి వచ్చారు. అమ్మ ఊరుకోదు కదా, "ఏందన్నా, సీరియల్ గింత, యాడ్స్ గంత" అని చేతులు చాపి మరీ చూపించింది. ఆయన వైరు బిగిస్తూనే, "వాళ్ళకు పైసలు అండ్లకెల్లే వస్తయి కదమ్మా. ఏ యాడ్ ఎప్పుడు పడాల్నో రాసిపెట్టనీకె ఆడ ట్రాఫిక్ డిపార్ట్‌మెంటని సపరేటుగ ఉంటది" అన్నారు. ఒకప్పుడు ఆయన కూడా లోకల్ చానల్‌లో చీరల షాపుల యాడ్స్, ట్యూషన్ సెంటర్ల యాడ్స్ వేసేవారు. కాబట్టి ఊరికే అన్న మాట కాదు.

నేను సి.ఎస్.ఇ. స్టూడెంట్‌ని. షెడ్యూలింగ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో చదివిన రౌండ్ రాబిన్ తప్ప ఇంకోటి తెలీదు. వెతకడం మొదలుపెడితే, ఈ పనిని డిగ్రీ తర్వాత రెండేళ్ళ కోర్సుగా నేర్పిస్తారని తెలిసింది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఉన్న డ్రెక్సెల్ యూనివర్సిటీ అయితే అచ్చంగా "టెలివిజన్ మేనేజ్‌మెంట్" అనే పేరుతోనే ఎం.ఎస్. పెట్టింది. మీడియా కోర్సు అంటే మైకు పట్టుకోవడం, కెమెరా తిప్పడం అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. కానీ ఇది ఆ రెండూ కాదు.

మరి ఏంటి? అమ్మ కంప్లైంట్ దగ్గర్నుంచే మొదలుపెడదాం.

మన దేశంలో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్ ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి యాడ్స్ వెయ్యకూడదు. అందులో 10 నిమిషాలు బయటివాళ్ళవి, 2 నిమిషాలు చానల్ సొంత ప్రోగ్రాంల ప్రచారానికి. (ఈ లిమిట్ మీద చానళ్ళు కోర్టుకు కూడా వెళ్ళాయి, అది వేరే కథ.) యాడ్ టైమ్‌ని 10 సెకన్ల లెక్కన అమ్ముతారు. రోజుకు 24 గంటలు, గంటకు 10 నిమిషాలు. అంటే 240 నిమిషాలు, అంటే 10 సెకన్ల ముక్కలు 1,440. ఒక చానల్ గోడౌన్‌లో రోజుకు ఉండే సరుకు మొత్తం ఇంతే. అందులో నిజంగా గిరాకీ ఉండేది రాత్రి 7 నుంచి 10 దాకా, అంటే 180 ముక్కలకే. అమ్ముడుపోని ముక్కని రేపటికి దాచుకోలేం. బస్సు వెళ్ళిపోయాక ఖాళీ సీటుకి టికెట్ కొట్టలేం కదా, అలాగే.

ఇప్పుడు కండిషన్లు కలపండి. ఒక సబ్బు యాడ్ పక్కనే ఇంకో కంపెనీ సబ్బు యాడ్ పడకూడదు. కొందరు బ్రేక్‌లో మొదటి చోటే కావాలని ఎక్కువ డబ్బు కడతారు. ఒకరికి వారంలో ఇన్నిసార్లు వేస్తామని మాట ఇచ్చి ఉంటారు. క్రికెట్ మ్యాచో బ్రేకింగ్ న్యూసో వచ్చి ఒక యాడ్ ఎగిరిపోతే, దానికి బదులు ఇంకోచోట ఫ్రీగా వెయ్యాలి. దాన్ని "మేక్‌గుడ్" అంటారు. మన డి.ఎ.ఎ. సబ్జెక్ట్‌లో నాప్‌సాక్ ప్రాబ్లమ్‌ని దొంగ, సంచి, బంగారం అని చెప్తారు. నేను ఎగ్జామ్ కోసం బట్టీ పట్టా. సంచి బదులు బ్రేక్ అని చెప్పుంటే అప్పుడే అర్థమయ్యేదేమో.

తర్వాత ఒక పిచ్చిపని చేశా. వారం రోజులు అమ్మ పక్కన కూర్చుని, ఆమె చూసే చానల్‌లోనూ దాని పోటీ చానల్‌లోనూ బ్రేక్ ఎప్పుడు మొదలవుతోందో నోట్‌బుక్‌లో రాశా. రెండూ చాలాసార్లు ఇంచుమించు ఒకే టైమ్‌కి బ్రేక్‌కి వెళ్తున్నాయి. మొదట కోఇన్సిడెన్స్ అనుకున్నా. ఆలోచిస్తే, నువ్వు చానల్ మార్చినా అక్కడా యాడే ఉంటే మళ్ళీ వెనక్కి వస్తావు. కావాలని చేస్తారో, సీరియల్ ఎపిసోడ్ల కొలత ఒకటే కావడం వల్ల అలా కుదురుతుందో నా నోట్‌బుక్ చెప్పలేదు. కానీ ప్రోగ్రామింగ్ స్ట్రాటజీ అనే పేపర్‌లో చదివేది ఇలాంటి ప్రశ్నలే: ఏ షో తర్వాత ఏ షో, పోటీ చానల్‌లో సినిమా వస్తుంటే మనం ఏం వెయ్యాలి.

ఆ 180 ముక్కల ధర ఎవరు నిర్ణయిస్తారు? రేటింగ్. ఇక్కడ కూడా మనకు ఇష్టమైన ఇంజనీరింగ్ ఉంది. 2015 నుంచి బార్క్ అనే సంస్థ ఈ లెక్కలు ఇస్తోంది. చానల్ ఆడియోలో మన చెవికి వినపడని వాటర్‌మార్క్ ఒకటి కలిపి పంపిస్తారు. ఎంచుకున్న ఇళ్ళలో పెట్టిన మీటర్ దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక బటన్, ఎవరు చూస్తుంటే వాళ్ళు నొక్కాలి. దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు 20 కోట్ల దాకా ఉంటే, మీటర్ ఉన్నవి 60 వేల లోపే. అంటే ఒక్కో మీటర్ ఇల్లు కొన్ని వేల ఇళ్ళ తరఫున మాట్లాడుతుంది. మా అమ్మ ఎన్నేళ్ళు ఎన్ని సీరియళ్ళు చూసినా ఏ లెక్కలోనూ లేదన్నమాట! ఈ విషయం చెప్తే ఆమె నిజంగానే బాధపడింది.

శాంపిల్ చిన్నదైతే దాన్ని వంచడం తేలిక. 2020 అక్టోబర్‌లో మీటర్లున్న ఇళ్ళకి డబ్బులిచ్చి రేటింగ్ పెంచుకున్నారని ముంబైలో కేసు పెట్టారు. దాంతో న్యూస్ చానళ్ళ రేటింగులు ఆపేస్తే, మళ్ళీ 2022 మార్చిలో గానీ రాలేదు. స్టాటిస్టిక్స్, లా, ఎథిక్స్ అన్నీ ఒకే కోర్సులో ఎందుకు పెడతారా అనుకునేవాడిని. ఈ ఒక్క కేసు చదివితే చాలు. ఇంకో తమాషా, 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి గానీ రేటింగ్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే మార్కెట్.

యాడ్స్ కాకుండా రెండో ఆదాయం చందా. 2019లో ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. మొదటి 100 చానళ్ళకి నెలకు 130 రూపాయల దాకా కనెక్షన్ ఫీజు, ఆ పైన పే చానల్ ఒక్కోదానికి ఒక్కో ధర. తర్వాత చాలా మార్చారు. హక్కుల సంగతి మూడోది. ఒకే సినిమా శాటిలైట్ ఒకరికి, ఓటీటీ ఇంకొకరికి. మా టీవీని 2015లో స్టార్ ఎందుకు కొన్నదో, 2020లో తెలుగు కోసమే ఆహా ఎందుకు వచ్చిందో, ఈ రెండూ తెలిస్తే అర్థమవుతుంది. కేబుల్ అంకుల్‌కి మాత్రం కోర్సు అక్కర్లేదు. "మీ లెక్కటి పోరగాళ్ళు ఫోన్లనే చూస్తున్నరు. గల్లీల సగం కనెక్షన్లు పోయినయ్" అన్నారు. ఆయన కొడుకు ఇప్పుడు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నాడు, అదే స్తంభాల మీద.

ఇక ఎక్కడ చదవాలి? మనకి దగ్గర్లో ఉస్మానియా ఉంది, అక్కడ జర్నలిజం డిపార్ట్‌మెంట్ 1954లోనే మొదలైంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్‌లో ఎం.ఏ. ఉంది, బీటెక్ వాళ్ళు కూడా సియుఇటి పీజీ రాసి వెళ్ళొచ్చు. క్యాంపస్‌లో 90.4 మీద సొంత రేడియో కూడా ఉంది. కానీ నాకు కనిపించినంతలో ఇక్కడ బలం రిపోర్టింగ్‌లో, ప్రొడక్షన్‌లో, థియరీలో. మేనేజ్‌మెంట్ కావాలంటే పుణెలో సింబయాసిస్ వాళ్ళ ఎంబీఏ, అహ్మదాబాద్‌లో మైకా. మైకాకి క్యాట్ లాంటి స్కోర్‌తో పాటు మైక్యాట్ అని వాళ్ళ సొంత పరీక్ష రాయాలి. ఫీజు లక్షల్లో, సెంట్రల్ యూనివర్సిటీ ఫీజుతో పోలికే లేదు.

ఆ మైకా పెట్టిందెవరో తెలుసా? మన వినుకొండ ఆయన, ఎ.జి. కృష్ణమూర్తి. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, ఉద్యోగానికి అహ్మదాబాద్ వెళ్ళి, రిలయన్స్‌లో అడ్వర్టైజింగ్ చూసుకుని, 1980లో 35 వేల రూపాయలతో ముద్రా కమ్యూనికేషన్స్ మొదలుపెట్టారు. క్లయింట్ ఒక్కరే, విమల్. పదకొండేళ్ళ తర్వాత, 1991లో, ఈ రంగానికి మనుషుల్ని తయారుచేసే స్కూల్ పెట్టారు. 2016లో చనిపోయారు. పల్నాటి మనిషి పెట్టిన స్కూల్ గుజరాత్‌లో ఉంది, పదుల కొద్దీ తెలుగు చానళ్ళున్న హైదరాబాద్‌లో మాత్రం అలాంటిది లేదు. నాకు ఇది కాస్త చిరాకుగానే ఉంది.

ఎందుకంటే ఈ పని మన ఊళ్ళో కొత్తేం కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నాసా ఉపగ్రహాన్ని అప్పు తీసుకుని ఇస్రో "సైట్" అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి నేరుగా టీవీ. ప్రోగ్రాంలు తీసిన మూడు కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి, మిగతావి ఢిల్లీ, కటక్. ఉపగ్రహంలో బొమ్మకి ఉన్నది ఒకటే చానల్, శబ్దానికి రెండు. అందుకే ఒకే బొమ్మకి ఒక ట్రాక్‌లో తెలుగు, రెండో దాంట్లో కన్నడం పెట్టి పంపించారు. రోజుకు ఉన్న నాలుగు గంటల్లో పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం ఊరి జనానికి, అన్ని భాషలకీ పంచాలి. యాడ్స్ లేవు, రేటింగ్ లేదు. అయినా ఎవరికి ఎన్ని నిమిషాలు అనే ప్రశ్న మాత్రం అదే. ఇక్కడ దూరదర్శన్ కేంద్రం వచ్చింది ఆ తర్వాత, 1977లో. ఈటీవీ వచ్చింది 1995 ఆగస్టు 27న.

ఇదంతా డాడీకి చెప్పా. ఆయన మనసులో ఉన్నది ఎం.ఎస్., అది కూడా కంప్యూటర్స్‌లో. మొత్తం విని, "ప్లేస్‌మెంట్ ఎట్లుంటది?" అని ఒక్కటే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. యాడ్ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్, ఓటీటీ రికమెండేషన్, రేటింగ్ డేటా, ఈ మూడు చోట్లా కోడ్ రాయడం వచ్చిన మనిషికి పని ఉంటుందని చెప్పా. జీతం ఎంతో మాత్రం చెప్పలేకపోయా. ఫీజు లోన్ తీసుకుంటే ఎన్నేళ్ళలో తీరుతుందో ఎక్సెల్‌లో వేసి చూపించమన్నారు. ఈ నెలాఖరుకి గడువు.

అమ్మ మాత్రం ఇప్పుడు బ్రేక్ పడగానే వంటింట్లోంచే పిలుస్తోంది. "రాసుకోరా, 7:43."