సంతకం పెట్టని ఎనిమిదిమంది

బుల్లితెర మీదే కాపురం చేసి, అక్కడే విడిపోయిన జంటలు చాలానే ఉన్నాయి. వాళ్లంతా ఒప్పందాలు చదువుకుని సంతకాలు పెట్టినవాళ్లు. మరి అదే తెర మీద పాకి, నడక నేర్చి, పాలపళ్లు ఊడగొట్టుకున్న పిల్లల సంగతేంటి?

2009 జూన్ 22, సోమవారం రాత్రి. అమెరికాలో కోటీ ఆరు లక్షలమంది టీవీల ముందు కూర్చున్నారు. వాళ్లు చూస్తున్నది ఫుట్‌బాల్ ఫైనలూ కాదు, ఎన్నికల ఫలితాలూ కాదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఓ ఇంట్లో ఆలుమగలు కలిసుంటారా, విడిపోతారా అన్నది తెలుసుకోవాలని వాళ్ల ఆత్రం!

ఆ రోజు ఎపిసోడ్‌లో పిల్లలకి కొత్త బొమ్మరిళ్లు వచ్చాయి. గోడలూ కప్పులూ కావాలనే వంకరటింకరగా కట్టిన ముచ్చటైన చెక్క ఇళ్లు. పిల్లలు వాటిలోకి దూరి కేరింతలు కొడుతున్నారు. మధ్యమధ్యలో అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి వచ్చి కెమెరా ముందు విడివిడిగా మాట్లాడుతున్నారు. ఇద్దరూ చివరికి చెప్పింది ఒక్కటే... విడిపోతున్నాం అని. విడాకుల కాగితాలు ఆ రోజే కోర్టుకు చేరాయి. ఇంకో ఏర్పాటు కూడా ప్రకటించారు. పిల్లలు ఆ ఇంట్లోనే ఉంటారు, అమ్మానాన్నలే వంతులవారీగా వచ్చిపోతుంటారు.

'జాన్ అండ్ కేట్ ప్లస్ ఎయిట్' అనే ఆ కార్యక్రమాన్ని అంతమంది చూడటం అదే మొదలు, అదే ఆఖరు. ఒక కుటుంబానికి అన్నింటికన్నా చెడ్డరోజు, ఆ కుటుంబాన్ని చూపించే కార్యక్రమానికి అన్నింటికన్నా మంచిరోజు అయింది.

రోజుకు 48 డైపర్లు

ఇంతకీ ఎవరీ జాన్, కేట్? ఇంటిపేరు గాసలిన్. ఆమె నర్సు, అతనిది కంప్యూటర్ ఉద్యోగం. 1999లో పెళ్లయింది. 2000లో సంతాన చికిత్స తర్వాత కవల ఆడపిల్లలు పుట్టారు. ఇంకొక్కరుంటే చాలనుకున్నారు. మళ్లీ చికిత్స చేయించుకుంటే 2004 మే 10న ఒకే కాన్పులో ఆరుగురు! ముగ్గురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. పది వారాలు ముందే పుట్టినా ఆరుగురూ దక్కారు.

పిల్లల్ని పెంచిన ఏ ఇల్లాలికైనా ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరికి రోజుకు ఎనిమిది డైపర్లు వేసుకున్నా ఆరుగురికి నలభై ఎనిమిది. పాలసీసాలూ అంతే. ఒకరు నిద్రపోయేసరికి ఇంకొకరు లేస్తారు. వీళ్లు కాక అప్పటికే నడుస్తూ ప్రశ్నలు వేసే కవలలు. మధ్యతరగతి జీతానికి ఇది మోయలేని బరువు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చింది కెమెరా. 2005లో ఒక ప్రత్యేక కార్యక్రమం, మరుసటి ఏడాది ఇంకొకటి, 2007 నుంచి ఏకంగా ధారావాహిక.

ఆ కార్యక్రమంలో తళుకులేమీ లేవు. పిల్లల్ని కారెక్కించడం, బజారుకు వెళ్లడం, పంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం... ఇవే కథలు. ఆరుగురికీ మరుగుదొడ్డి అలవాటు చేయడం మీద కూడా ఓ ఎపిసోడ్ తీశారు. మధ్యలో భార్యాభర్తలు సోఫాలో పక్కపక్కన కూర్చుని ఆ రోజు ముచ్చట్లు చెబుతారు. ఆవిడ అతని మాటకు అడ్డు తగులుతుంది, విసుక్కుంటుంది. అతను మౌనంగా నేల చూపులు చూస్తాడు. చూసేవాళ్లు రెండు పక్షాలుగా చీలిపోయారు. 'ఎనిమిదిమందితో వేగుతోంది, విసుక్కోదా మరి!' అని కొందరూ 'పాపం, ఆ మనిషిని అలా తీసిపారేస్తే ఎలా?' అని ఇంకొందరూ. ఆ వాదనలే కార్యక్రమానికి ఊపిరి.

2008లో వాళ్లిద్దరూ హవాయి దీవుల్లో పెళ్లినాటి ప్రమాణాలు మళ్లీ చేశారు, కెమెరా ముందే. తర్వాత పెద్ద ఇంట్లోకి మారారు. కొద్ది నెలలకే భర్తకు వేరే స్నేహాలున్నాయంటూ వారపత్రికల ముఖచిత్రాలు మొదలయ్యాయి. 2009 మేలో అయిదో సీజన్ తొలి ఎపిసోడ్‌ను 98 లక్షలమంది చూశారు. కెమెరా రాకపోయినా ఆ కాపురం చెడేదేమో, ఎవరు చెప్పగలరు? కానీ కెమెరా ఉండబట్టి ఆ చెడటానికి ధర పలికింది. అదీ తేడా.

పసిబిడ్డ వచ్చాక ఆలుమగల మధ్య మాటా మాటా పెరగడం కొత్త విషయమేం కాదు. కాపురాల మీద దశాబ్దాల తరబడి పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ లెక్క ప్రకారం, తొలిబిడ్డ పుట్టిన మూడేళ్లలో ప్రతి మూడు జంటల్లో రెండు జంటలకు తమ బంధం మీద తృప్తి తగ్గుతుంది. నిద్ర ఉండదు, డబ్బు చాలదు, ఎవరి వంతు ఎంతన్న లెక్క తేలదు. మన పెద్దవాళ్లు ఇవన్నీ పుస్తకాల్లో చదవలేదు కానీ తొలి కాన్పు పుట్టింట్లో అన్నారు. బాలింతనీ బిడ్డనీ కొన్నాళ్లు పరాయి కళ్లకు దూరంగా ఉంచారు. బుగ్గన దిష్టిచుక్క పెట్టారు. ఆ ఆచారాల్లో సబబు ఎంత, చాదస్తం ఎంత అన్నది వేరే చర్చ. ఆ దినాలు నలుగురికీ చూపించేవి కావన్న ఎరుక మాత్రం అందులో ఉంది. రియాలిటీ టీవీకి కావాల్సింది సరిగ్గా ఆ దినాలే.

మొదటి కుటుంబం

ఈ వరసకు ఆద్యులు లౌడ్ కుటుంబం. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో బిల్, ప్యాట్, వాళ్ల అయిదుగురు పిల్లలు. 1971లో ఏడు నెలలపాటు కెమెరా బృందం వాళ్లింట్లోనే తిరిగింది. దాదాపు 300 గంటల చిత్రీకరణను కత్తిరించి 12 గంటలు చేసి, 1973లో 'యాన్ అమెరికన్ ఫ్యామిలీ' పేరుతో ప్రసారం చేశారు. ఇల్లు విడిచి వెళ్లమని ప్యాట్ భర్తతో చెప్పడం కూడా అందులో ఉంది. మంచి రోజులు వదిలేసి చెడ్డవే చూపించారని తర్వాత ఆ కుటుంబం వాపోయింది. 300 గంటల్లోంచి 288 గంటలు పక్కన పెట్టేశాక మిగిలిన దాన్ని వాస్తవం అనొచ్చా అన్న ప్రశ్న అప్పుడు పుట్టిందే. అయితే లౌడ్ పిల్లలు కాస్త ఎదిగినవాళ్లు. కెమెరా అంటే ఏమిటో వాళ్లకు తెలుసు.

గాసలిన్ల ఎపిసోడ్ సంచలనం రేపిన ఆ జూన్ నెలలోనే ఎమ్‌టీవీలో '16 అండ్ ప్రెగ్నెంట్' మొదలైంది. పదహారేళ్లకే గర్భవతులైన అమ్మాయిల కథలవి. చదువు ఆగిపోవడం, ప్రియుడు మొహం చాటేయడం, కన్నతల్లితో పేచీలు, పురుటి నొప్పులు... అన్నీ చూపించారు. ఆ ఏడాది చివర్లోనే వాళ్లలో నలుగురితో 'టీన్ మామ్' వచ్చింది. దీని గురించి ఒక చిత్రమైన సంగతి. ఈ కార్యక్రమం మొదలైన ఏడాదిన్నరలో అమెరికాలో టీనేజీ కాన్పులు 5.7 శాతం తగ్గడానికి ఇదే కారణమని మెలిసా కియర్నీ, ఫిలిప్ లెవిన్ అనే ఆర్థికవేత్తలు 2014లో లెక్కగట్టారు. ఆ లెక్క నిలవదని వేరే ఆర్థికవేత్తలు తర్వాత వాదించారు. అది నిజమే అనుకున్నా, ఎక్కడో ఎవరికో మేలు జరగడానికి తెర మీది పసిబిడ్డ ఖర్చయినట్టే కదా!

అందులో మిషిగన్‌కు చెందిన కేట్లిన్, టైలర్ అనే జంట ఉంది. తమను తామే పోషించుకోలేని వయసు. 2009లో పుట్టిన పాపను దత్తతకు ఇచ్చేశారు. ఆ వీడ్కోలు చూసి కంటతడి పెట్టనివారు తక్కువ. ఇద్దరూ 2015లో పెళ్లి చేసుకున్నారు, ఇంకా పిల్లలు పుట్టారు, కార్యక్రమంలో కొనసాగారు. కానీ దత్తత తీసుకున్న దంపతులు ఒక మాట మీద నిలబడ్డారు... పాప ఫొటోలు అందరి ముందూ పెట్టడానికి వీల్లేదని. దాని మీదే రెండు కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పేచీ. కన్నవాళ్ల బాధ అర్థమవుతుంది. అయినా ఈ కథ మొత్తంలో ఆ పాప తరఫున 'వద్దు' అన్నది పెంచినవాళ్లే.

పొత్తిళ్లలోంచి సెట్టు మీదకి

మన దేశానికీ ఇందులో ఒక అధ్యాయం ఉంది. 2009 ఆగస్టులో రాఖీ సావంత్ టీవీ స్వయంవరంలో టొరంటోలో ఉండే ఎలేష్‌ను ఎంచుకుంది. పెళ్లి కాలేదు, నిశ్చితార్థంతో సరిపెట్టారు. మరుసటి నెలలోనే అదే ఛానెల్ 'పతి పత్నీ ఔర్ వో' అంటూ ఇంకో కార్యక్రమం తెచ్చింది. బీబీసీ 'బేబీ బారోయర్స్'కు ఇది మన రూపం. టీవీ తారల జంటలకు వేరేవాళ్ల పసిపిల్లల్ని అప్పగిస్తారు. పాలు పట్టాలి, స్నానం చేయించాలి, నిద్రపుచ్చాలి. రాఖీ, ఎలేష్ జంట కూడా అందులో ఉంది. బిడ్డ ఏడుస్తుంటే వీళ్ల తగవులు. మాట్లాడటమే రాని పసిగుడ్డు అక్కడ పాత్రధారి! ఆ జంట కొద్ది నెలల్లోనే విడిపోయింది. ఛానెల్ 2012లో మూతపడింది.

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం ఈ కార్యక్రమానికి అభ్యంతరం చెప్పింది. అప్పుడు దానికి అధ్యక్షురాలు మన శాంతా సిన్హా. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ద్వారా వేలాది పిల్లల్ని పనుల్లోంచి తప్పించి బడిలో చేర్పించి, 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న మనిషి. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల సిద్ధాంతం. పొలంలో పిల్లవాడి పని కంటికి కనిపిస్తుంది. సెట్టు మీద లైట్ల కింద పసిబిడ్డ ఏడుపు పనా, కాదా?

పెన్సిల్వేనియా కార్మికశాఖకూ 2009లో ఇదే చిక్కు ఎదురైంది. పిల్లలు నటించడం లేదు, వాళ్ల మానాన వాళ్లు ఆడుకుంటుంటే మేం తీస్తున్నాం, అది పని ఎలా అవుతుందన్నది ఇలాంటి కార్యక్రమాల పాత వాదన. కార్మికశాఖ విచారణ జరిపింది. పిల్లలకు అనుమతులు తీసుకోవాల్సిందని తేల్చింది కానీ, కేసు పెట్టలేదు. చివరికి 2012లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. రియాలిటీ షోలోని పిల్లలకూ అనుమతి ఉండాలి, సంపాదనలో 15 శాతం వాళ్ల పేరిట దాచాలి. అప్పటికి ఆ ఆరుగురికీ ఎనిమిదేళ్లు నిండాయి.

ఇలా దాచడమన్నది పాత ముచ్చటే. చార్లీ చాప్లిన్ 'ది కిడ్' సినిమాలో బుడతడిగా లోకాన్ని ఏడిపించిన జాకీ కూగన్ లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూసుకుంటే తల్లీ, మారుతండ్రీ దాదాపు అంతా ఖర్చుపెట్టేశారు. 1938లో కోర్టుకెక్కాడు. దక్కింది లక్షా పాతికవేల డాలర్లకు కాస్త ఎక్కువ. మరుసటేడు కాలిఫోర్నియా చట్టం చేసింది. బిడ్డ తరఫున సంతకం పెట్టేదీ అమ్మానాన్నలే, చెక్కు అందుకునేదీ వాళ్లే అయినప్పుడు, మధ్యలో ఇంకొకరు ఉండాలని అప్పుడే తెలిసొచ్చింది.

మన బాలకార్మిక నిబంధనల్ని 2017లో సవరించారు. బాలనటుల చేత రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో బిడ్డ పేరిట డిపాజిట్ చేయాలి. బాలల హక్కుల సంఘం 2022లో ప్రకటించిన ముసాయిదా ఇంకో అడుగు వేసింది. తల్లిపాలు, టీకాల ప్రచారానికి తప్ప మూడు నెలలలోపు బిడ్డను చిత్రీకరణకు తీసుకురాకూడదంది.

గాసలిన్ల పిల్లలందరూ ఇప్పుడు పెద్దవాళ్లు. వాళ్ల పేర్లు కావాలనుకుంటే ఎక్కడైనా దొరుకుతాయి, ఇక్కడ అవసరం లేదు. ఆరుగురిలో ఒకడు పద్దెనిమిదేళ్లు నిండాక 2022లో ఓ టీవీ ఇంటర్వ్యూ ఇచ్చాడు. తల్లితోనూ, తోబుట్టువుల్లో ఎక్కువమందితోనూ అప్పటికే మాటల్లేవు. ఇల్లు ముక్కలవడానికి టీవీయే కారణమని నమ్మాలనుకుంటున్నానన్నాడు.

ఈలోగా కెమెరా బృందం అవసరమే తీరిపోయింది. సీమంతం నుంచి బారసాల దాకా, ఆసుపత్రికి బయల్దేరడం దగ్గర్నుంచి బిడ్డ మొదటిసారి కళ్లు తెరవడం దాకా, యూట్యూబ్‌లో తెలుగు వీడియోలకు కొదవలేదు. తీసేది నాన్న, మాట్లాడేది అమ్మ. ఛానెల్ కూడా వాళ్లదే. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం ఇలాంటి ఇంటి వీడియోల్లో కనిపించే పిల్లలకు ఆదాయంలో వాటా ఇవ్వాలంటూ చట్టం చేసింది. 2024 జులై 1 నుంచి అది అమల్లో ఉంది. అమ్మానాన్నలు వాటా దాచకపోతే, పెద్దయ్యాక ఆ బిడ్డే వాళ్ల మీద దావా వేయొచ్చు.