గుగ్గులు – కాలేయము

“మూలికయే గదా, కీడేమి చేయును?” అను మాట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. మా యత్తగారును అట్లే తలంచి, కొలెస్టరాలునకు వైద్యులిచ్చిన మాత్రతోపాటు గుగ్గులు గుళికను గూడ సేవించుచుండిరి. ఆ సందర్భమున మేము తెలిసికొనిన సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

గుగ్గులనునది రాజస్థానము, గుజరాతు ప్రాంతముల మెట్టనేలలలో పెరుగు నొక ముండ్లచెట్టు బంక. దీనినే మహిసాక్షి యందురు. సుశ్రుతసంహిత దీనిని మేదోరోగమునకు చెప్పినది. ఆ వచనమును పట్టుకొని జి.వి. సత్యవతిగారను విదుషీమణి కాశీ హిందూ విశ్వవిద్యాలయమున కుందేళ్లకు గుగ్గులునిచ్చి పరీక్షించి, వాని రక్తములో కొవ్వు తగ్గుటను 1966లో తమ పరిశోధన గ్రంథమున వెల్లడించిరి.

కాలేయము కొలెస్టరాలును పైత్యరసములోని ఆమ్లములుగా మార్చుచుండును. ఇందుకు వలయు నాజ్ఞలు కణములలోని జన్యువులయందున్నవి. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయవలెనో చూచుకొను కావలివారివంటి మాంసకృత్తులు కొన్ని గలవు. అందొకటి ఎఫ్.ఎక్స్.ఆర్. పైత్యామ్లములు చాలినంత యున్నప్పుడు, వాని తయారీకి వలయు జన్యువును అణచుట దీని పని. గుగ్గులునందలి గుగ్గుల్‌స్టెరోను ఈ కావలి కడ్డుపడునని అమెరికా శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిరి. ఎఫ్.ఎక్స్.ఆర్. లేని ఎలుకలలో ఆ పదార్థము కాలేయపు కొలెస్టరాలును తగ్గింపజాలకపోయెను.

ఎలుకల మాట యట్లుండ, మనుష్యుల మాట వేరయ్యెను. ఆ దేశమందే ఫిలడెల్ఫియాలో 103 మందిని ఎన్నుకొని, కొందరికి గుగ్గులు గుళికలను, కొందరికి మందులేని గుళికలను ఎనిమిది వారములిచ్చిరి. 2003లో ప్రకటితమైన ఫలితమును బట్టి, గుగ్గులు పుచ్చుకొనినవారిలో చెడు కొలెస్టరాలు తగ్గుటకు మారుగా నూటికి నాలుగైదు వంతులు పెరిగెను. కొందరికి ఒంటిపై దద్దురులును లేచెను.

గృహిణులు ముఖ్యముగా గమనింపదగినది మరియొకటి గలదు. గుగ్గుల్‌స్టెరోను పి.ఎక్స్.ఆర్. అను వేరొక కావలిని మేల్కొలుపునని కాలేయకణములలో కనుగొనిరి. ఇది మందులను విరిచి వెలికి పంపు ఎంజైముల జన్యువులను పురికొల్పును. ఆ కారణమున వైద్యులిచ్చిన మాత్ర పూర్తిగా పనిచేయకమునుపే శరీరమును వీడిపోవచ్చును.

ఇది తెలిసిన పిదప మేము ఆ గుళికల సీసాను వైద్యులకు చూపితిమి. వారు దానిని మాన్పించిరి. యోగరాజ గుగ్గులు, కైశోర గుగ్గులు, త్రిఫలా గుగ్గులు మొదలగు పేర్లుగల గుళికలన్నిటిలోను ఈ బంక యుండును. వానిని వాడు సోదరీమణులు తక్కిన మందులతోపాటు వానిని గూడ వైద్యులకు చూపవలెనని మా మనవి.