ఏడాది కిరీటం

తిరుత్తణి కొండకు మెట్లు 365. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లు అని మన పిల్లలకు లెక్కలు రాకముందే చెప్పి ఎక్కిస్తాము గదా. డిసెంబరు 31వ తేదీ రాత్రి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టి, పాటలు పాడుకొంటూ జనం పైకి పోతారు. 2013వ సంవత్సరం చివర అటువంటి రాత్రే సగం మెట్లెక్కి అలసి కూర్చున్నప్పుడు మా మేనమామ కొడుకు తన ఫోనులో ఒక ఫొటో తీసి మా అవ్వకు చూపించాడు. తల మీద రాళ్ళు పొదిగిన కిరీటం, పెదవుల మీద నవ్వు, మన చామనచాయ గల పిల్ల.

“ఈ బిడ్డ మనోళ్ళ బిడ్డేనా?” అని అడిగింది అవ్వ. ఔనన్నాము. “మన చాయే కదరా! మన ఇండ్లల్లో అయితే సంబంధం కుదిర్చేదానికే అల్లాడిపోతాం. ఆడెవురు రాణిని చేసినారు?”

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు కొంచెం నిదానంగా ప్రయత్నిస్తాను.

ఆ పిల్ల పేరు నీనా దావులూరి. తల్లిదండ్రులు ఆంధ్రదేశం నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవారు. వారి బంధుకోటి విజయవాడలో ఉన్నది. ఆమె పుట్టింది 1989లో, న్యూయార్కు రాష్ట్రంలోని సిరక్యూజ్ నగరంలో. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకొన్నది. మిచిగన్ విశ్వవిద్యాలయంలో చదివింది. 2013 సెప్టెంబరు 15వ తేదీ రాత్రి అట్లాంటిక్ సిటీలో 53 మంది కన్యలలో ఆమెను మిస్ అమెరికాగా ఎంచారు. భారత సంతతి పిల్లకు ఆ కిరీటం దక్కడం అదే మొదలు. పోటీలో తన విద్య చూపవలసిన ఘట్టంలో ఆమె పియానో ముందు కూర్చోలేదు, ఆంగ్లగీతం అందుకోలేదు. శాస్త్రీయ నృత్యపు అడుగులు కలిపి, ‘ఓం శాంతి ఓం’ చిత్రంలోని హిందీ పాటకు నాట్యమాడింది. తెలుగు పాట కాలేదేమని మనలో కొందరు నొచ్చుకొన్నారు. నేనూ కొంచెం నొచ్చుకొన్నమాట నిజమే.

ఈ పోటీ చరిత్ర కూడా తెలుసుకోవాలి. వేసవి ముగిసిన తరువాత కూడా సముద్రతీరంలో యాత్రికులు నాలుగు రోజులు నిలవాలని అట్లాంటిక్ సిటీ వర్తకులు 1921లో మొదలుపెట్టిన వేడుక ఇది. 1940 ప్రాంతాలలో దీని నిబంధనలలో ఏడవది ఏమిటంటే, పోటీకి వచ్చే పిల్ల తెల్లజాతిదై ఉండాలి! నల్లజాతి యువతి మొదటిసారి ఆ వేదిక ఎక్కింది 1970లో. వెనెస్సా విలియమ్స్ కిరీటం గెలిచిన మొదటి నల్లజాతి యువతి. ఆమె గెలిచింది 1983లో. ఇక స్నానపు దుస్తులతో పిల్లలను నడిపించి మార్కులు వేసే అంకం ఒకటి ఉండేది. దానిని 2018లో తీసివేశారు. మనవంటి సంసారులకు ఆ అంకం ఎన్నడూ మింగుడుపడలేదు, దాచడమెందుకు?

నీనా గెలిచిన రాత్రే గొడవ మొదలైనది. అమెరికాలో కొందరు ఆమెను అరబ్బు పిల్ల అన్నారు, కొందరు ఉగ్రవాదులతో ముడిపెట్టారు. ఈమె అమెరికన్ ఎలా అవుతుందని ప్రశ్నించారు. ఆమె పుట్టుక, చదువు, మాట అన్నీ అక్కడివే అయినా సరే. తాను వీటన్నిటికీ పైకి ఎదగాలనీ, అన్నిటికంటె ముందు తాను అమెరికన్‌ననీ ఆమె పత్రికలవారితో చెప్పింది. అంతకు మించి ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఇటు మన దేశంలోనూ చర్చ పుట్టింది. ఇదే పిల్ల ఇండియాలో పోటీకి నిలబడితే, ఆ చాయకు మొదటి మెట్టు దాటేదా అని పలువురు అడిగారు. అంటే మా అవ్వ మెట్ల మీద అడిగినదానినే పత్రికలు పెద్ద అక్షరాలతో అడిగాయన్నమాట.

ఈ రెండు వైపుల దెబ్బ తిరుత్తణి తెలుగువారికి కొత్తది కాదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన మన తాలూకా చిత్తూరు జిల్లాను వదలి మద్రాసు రాష్ట్రంలో చేరింది. మనం గడప దాటి ఎక్కడికీ పోలేదు. సరిహద్దు గీతే మన మీదుగా నడిచిపోయింది. ఆనాటినుంచి ఇక్కడ మనం తెలుగువాళ్ళం. చిత్తూరు అవతలికి పెళ్ళికి పోతే అరవవాళ్ళం. మన యాస విని నవ్వుతారు. “మీరు ఏ ఊరివాళ్ళు?” అన్న ప్రశ్నకు మనలో ఎందరు తడుముకోకుండా జవాబు చెప్పగలరు? అందుచేతనే కాబోలు, ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున ఆ పిల్లను “నీవెవరు?” అని నిలదీస్తే ఇక్కడ మనకు చురుక్కుమన్నది. దావులూరి అన్నది ఊరిపేరు మీద వచ్చిన ఇంటిపేరే. మన తిరుత్తణి బిడ్డ రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు కూడా నెల్లూరుసీమలోని సర్వేపల్లి నుంచి వచ్చినదే. ఊరు విడిచి ఎన్ని తరాలైనా ఇంటిపేరు మాత్రం మనవెంట వస్తూనే ఉంటుంది.

ఇక అసలు సంగతి, ఆ ఏడాది. కిరీటం పెట్టుకొని సింహాసనం మీద కూర్చోవడం కాదు ఆ పదవి. నెలకు సుమారు 20,000 మైళ్ళు తిరగాలట. నేడొక ఊరు, రేపొక ఊరు. బడులు, ఆసుపత్రులు, సభలు. పలు సంస్కృతులవారు ఒకరినొకరు తెలుసుకొని మెలగాలన్న విషయాన్ని నీనా తన ప్రచారానికి ఎంచుకొన్నది. చిన్నతనంలో మన దేవుళ్ళ గురించీ, పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళ గురించీ తోటివారు అడిగిన వింత ప్రశ్నలే ఆమెకు ఆ ఆలోచన కలిగించాయి. భోజనం విషయంలో తనను పీడించిన వ్యాధిని గురించి కూడా ఆమె దాచకుండా చెప్పుకొన్నది. అందం పోటీలో గెలిచిన పిల్ల ఆ మాట చెప్పడం చిన్న విషయం కాదు.

2014 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక బడికి వెళ్ళినప్పుడు తమాషా జరిగింది. ప్రశ్నల సమయంలో ఒక కుర్రవాడు లేచి, బడిలో జరిగే నాట్యపు విందుకు తనతో రమ్మని అందరిముందూ ఆమెను అడిగాడు. ముందే వద్దన్నా వినలేదని బడివారు వానికి మూడు రోజులు శిక్ష వేశారు. వానిని మన్నించమని బడివారిని కోరింది ఎవరనుకొన్నారు? నీనాయే. తన మీద రాళ్ళు వేసినవారి సంగతి సరే, తనను నవ్వించిన కుర్రవానిని ఆమె మరచిపోలేదు.

2014 సెప్టెంబరు 14వ తేదీతో గడువు తీరింది. పదవి దిగే యువతి చివరిసారి వేదిక మీద నడచి, తన ఏడాదిని తలచుకొని, మేలు చేసినవారికి కృతజ్ఞత చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ తరువాత కిరీటాన్ని మరొక పిల్ల తల మీద తన చేతులతోనే పెట్టాలి. నీనా కీరా కజాంట్సెవ్‌కు పెట్టింది. ఆ ముందటేడు నీనాకు పెట్టింది మాలరీ హేగన్. ముగ్గురూ న్యూయార్కు రాష్ట్రం తరఫున వచ్చినవారే.

కృతజ్ఞత అన్నాను. తనను అంతగా తూలనాడిన దేశానికి ఏమని కృతజ్ఞత చెబుతుందని అడగవచ్చు. ఆమెకు 50,000 డాలర్ల విద్యావేతనం దక్కింది, నిజమే. కాని గెలిచిన రాత్రే ఆమె ఇంకొక మాట అన్నది: ఇంట్లో కూర్చొని చూస్తున్న పిల్లలు ఈ మిస్ అమెరికాను చూసి ఈమె మావంటిదే అనుకోగలరని. ఆమె కృతజ్ఞత ఆ పిల్లలకు చెందిందని నా ఊహ. తిట్టినవారికి చెల్లించవలసిన బాకీ ఏమీ లేదు.

హైదరాబాదు అమ్మాయి మానస వారణాసి సంగతి వేరు. 2021 ఫిబ్రవరిలో మిస్ ఇండియా కిరీటం ధరించిన ఆమెకు కరోనా మూలంగా ఏడాది కాస్తా పదహారు నెలలకు పైగా సాగింది. ప్రపంచ పోటీ వాయిదాపడి 2022 మార్చిలో జరిగింది. ఆమె మొదటి పదముగ్గురిలో నిలిచింది. జూలైలో సినీ శెట్టికి కిరీటం అప్పగించింది. ఎంత సాగినా దిగవలసిన మెట్టు దిగవలసిందే. మన రాధాకృష్ణన్ గారు కూడా 1967 మే 13వ తేదీన రాష్ట్రపతి భవనం విడిచి మద్రాసులోని తమ ఇంటికి వచ్చి, మళ్ళీ పుస్తకాలు ముందు పెట్టుకొన్నారు.

కిరీటం ఇచ్చివేసినా నీనా ఆ పని మానలేదు. చర్మం తెల్లబరుస్తామనే లేపనాల మీద పోరాటం పట్టుకొన్నది. 2020లో ఆ లేపనాలు చేసే కంపెనీవారికి బహిరంగ లేఖ వ్రాసింది. ఆ ఏడాదే పలువురి నిరసనల మధ్య ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరులోని ఫెయిర్ అన్న మాటను తొలగించారు. పేరు మారినా డబ్బాలో సరుకు మారిందా అని ఆమెతోపాటు చాలామంది అడుగుతూనే ఉన్నారు.

మొన్న మా చిన్నత్త మనుమరాలికి సంబంధం చూస్తూ వివరాల కాగితం వ్రాయమని నాకిచ్చారు. పేరు, నక్షత్రం, చదువు, ఎత్తు వ్రాశాను. ఆ తరువాత ‘చాయ’ అని ఒక గడి ఉన్నది. అక్కడ కలం ఆగింది. ఆ పిల్ల నా భుజం మీదుగా తొంగి చూసి, “దాన్ని కొట్టేయండి మామా” అన్నది. కొట్టివేశాను. కాగితం ఇంకా పెట్టెలోనే ఉన్నది. మా అత్త చూడలేదు.